పేరు రాయని ఎర్రపెట్టె

ఎలుకల మందు కూరిన తికోయ్ పెట్టె అర మీద లేదు.

మిందా ముక్కాలిపీట మీద మునివేళ్ళెత్తి నిలబడి, గోడ మూలదాకా చెయ్యి పోనిచ్చి తడిమింది. కొవ్వొత్తుల కట్టలు తగిలాయి. అగరుబత్తుల పొట్లాలు తగిలాయి. పెట్టె ఉండాల్సిన చోట దుమ్ము లేని చదరం ఒకటి మిగిలింది, అంతే.

బయట వీధిలో సింహం ఆటవాళ్ళ డప్పు ఒక్కసారిగా మోగింది. ఆమె పీట మీంచి పడబోయి అర అంచు పట్టుకుంది.

తికోయ్ తానే వంటింట్లోంచి తెచ్చింది, తానే కోసింది. నల్లచక్కెర కలిపిన జిగురు బియ్యప్పిండి మిఠాయి దిమ్మను బోర్లించి, అడుగున నడిమధ్య గుండ్రంగా తొలిచి, మందు కూరి, తీసిన ముక్కతోనే మూసి అదిమింది. జిగురుకి అతుకు కూడా కనపడలేదు. తిరగేసి చూస్తే తప్ప మామూలు తికోయే. తమ కొవ్వొత్తుల దుకాణం గోదాములో ఎలుకలు మైనం తినేస్తున్నాయని, ఇలా చెయ్యమన్నది తను ఆమా అని పిలిచే అత్తగారే.

తీరా ముక్కలు కోసి మూలల్లో పెడదామనుకునేసరికి పండగ వచ్చి పడింది. చైనా కొత్త సంవత్సరం రోజుల్లో ఇంట్లో ప్రాణి చావకూడదని ఆమా ఆపేసింది. పెట్టెలో పెట్టి పైకి నెట్టమంది.

మిందా పెట్టె మీద 'విషం' అని రాసి చీటీ అంటించింది. ఆమా ఆ చీటీని గోటితో గీకి గీకి పీకేసింది. "ఆ మాట పండగ వెళ్ళేదాకా నా గోడల మధ్య ఉండకూడదు." సరే, గుర్తుకోసం తెల్లదారం కడతానంటే అదీ లాక్కుంది. తెల్లది చావుకి కడతారట. ఎర్రదారం ఇచ్చింది.

అలా ఆ పెట్టె, బంధువులకి పంచడానికి కింది అరలో పేర్చిన పెట్టెల్లాంటిదే అయిపోయింది. వాటి మీద ఎవరి పేర్లు వాళ్ళకి రాసి ఉన్నాయి. దీని మీద ఏమీ లేదు.

తన పిల్లలిద్దరూ పుట్టింట్లో, బతాంగాస్‌లో ఉన్నారని గుర్తొచ్చి మిందా గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మరుక్షణం ఆ ఊపిరికే సిగ్గుపడింది. తన పిల్లలు కాకపోతే, ఎవరి పిల్లలో.

*

హాల్లో ముగ్గురూ టీ తాగుతున్నారు. పూర్వీకుల ఫొటోల పక్కన ఎర్రచొక్కా తొడిగిన బాలయేసు విగ్రహం, రెంటికీ కలిపి ఒకే పళ్ళెంలో గుండ్రటి పళ్ళు. భర్త సెల్మో గుండ్రటి చుక్కల కొత్తచొక్కాలో ఉన్నాడు. ఇంటిల్లిపాదీ ఆంకోంగ్ అని పిలిచే మామగారు ఎప్పటిలాగే చివరి కుర్చీలో, కప్పు మీదికి వంగి కూర్చున్నాడు.

"ఆమా, ఒకసారి వంటింట్లోకి రండి."

"ఏం, ఇక్కడ చెప్పకూడదా?" అంది అత్తగారు.

"చెప్పకూడదు. మీరే చెప్పొద్దన్నారు."

ఆమా ముఖంలో నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చింది. ఏం జరిగిందో తెలియకపోయినా సెల్మో కూడా వెనకే వచ్చాడు.

వంటింటి దేవుడి గూడు ఖాళీగా ఉంది. ఏడాదిలో ఇంట్లో జరిగినవన్నీ పైలోకంలో చెప్పడానికి వెళ్ళాడు, ఇంకా తిరిగి రాలేదు. వెళ్ళే ముందు ఆమా ఆయన నోటికి తికోయ్ పూసి పంపింది, చెప్పకూడనివి చెప్పకుండా.

"పోయింది," అంది మిందా.

"ఏది?"

"పై అరలోది."

ఆమా పొయ్యి గట్టు పట్టుకుంది. తర్వాత, "నువ్వే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటావు. పెళ్ళైన కొత్తలో దుకాణం తాళాలు బియ్యం డబ్బాలో పెట్టావు."

"నేను ముట్టుకోలేదు. మీరు చీటీ పీకి పైన పెట్టమన్నారు, పెట్టాను."

"చీటీ మాట ఇప్పుడెందుకు?"

"అది ఉంటే ఎవరూ తీసేవాళ్ళు కాదు కాబట్టి."

"ఏం చీటీ? ఏం పెట్టె?" అన్నాడు సెల్మో.

మిందా అతని చెవి దగ్గర చెప్పింది. చుక్కల చొక్కాలో అతని మెడ ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది.

"నిన్న నేనొకటి తీశాను," అన్నాడు. "నినాంగ్ పూరింగ్‌కి. ఆవిడ పేరున్నది ఎంత వెతికినా కనపడలేదు. చీటీ లేనిది ఒకటి కనపడితే, ఊడిపోయిందేమోలే అని..."

"ఏ అరలోంచి?"

"గుర్తులేదు. కరెంటు లేదప్పుడు."

"చేత్తో తీసినవాడివి, ఏ అరలోంచి తీశావో తెలీదా?"

"తెలిస్తే చెప్పనా మిందా?"

ఆమా చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. హాల్లోకి నడిచి, గొంతు మామూలుగా ఉండేలా చూసుకుని, భర్త వైపు చూస్తూ అడిగింది. "గోదాములో ఒక పెట్టె కనపడట్లేదు. నువ్వేమన్నా తీశావా?"

ఆంకోంగ్ తల ఎత్తలేదు. "పొద్దున్నే వీధిలో శిలువ దగ్గరికెళ్ళి అగరుబత్తి వెలిగించుకొచ్చాను. నాకెందుకు పెట్టెలు?"

"ఎందుకో నీకే తెలియాలి. ఇవ్వాల్సినవాళ్ళ పేర్లన్నీ నేనే రాశాను. ఆ పేర్లలో లేనివాళ్ళకి నా ఇంటి తికోయ్ వెళ్ళిందని తెలిస్తే, ఆ ఇచ్చినవాళ్ళు కూడా అక్కడికే పోవచ్చు."

ఆ మాట ఎవరి గురించో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తమ ఇంటిపేరే ఉన్నవాణ్ణి చేసుకుని వెళ్ళిపోయిన ఆడపడుచు ఫొటో, ఆ గోడ మీంచి తీసిన చోట సున్నం ఇంకా తెల్లగానే ఉంది. ఆమె పేరు పలకడం కూడా ఆ ఇంట్లో నిషేధమే; ఆమెకో పాప పుట్టిందన్న కబురు మిందా చెవిన బయటివాళ్ళ నోటే పడింది.

ఆంకోంగ్ టీ తాగాడు. కప్పులో టీ ఎప్పుడో అయిపోయింది.

మిందా గుమ్మం దాటుతుంటే ఆమా వెనకనించి వచ్చి మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది.

"పెట్టె అడుగు. తీసుకో. వచ్చెయ్యి. పండగ పూట ఆవిడ గుమ్మంలో నిలబడి ఆ మాట మాత్రం అనకు. ఆ మాట మోసుకెళ్ళిన ఇంట్లో ఏడాది తిరక్కుండా శవం లేస్తుంది."

"చెప్పకపోతే ఈ సాయంత్రానికే లేస్తుందేమో ఆమా."

"అనకు," అంది ఆమా మళ్ళీ. అది ఆజ్ఞలా లేదు. బతిమాలుతున్నట్టుంది.

*

వీధి నిండా ఎర్రపెట్టెలే.

చంకలో పెట్టుకున్నవాళ్ళు, పిల్లల చేత మోయిస్తున్నవాళ్ళు, జీపు కిటికీలోంచి అందిస్తున్నవాళ్ళు. ఒకరు ఇచ్చిన తికోయ్‌ని విప్పకుండా ఇంకొకరికి ఇవ్వడం ఆ చైనా పేట బినోందోలో కొత్తేమీ కాదు. ఏ పెట్టె ఏ ఇంట్లో విప్పుతారో దాన్ని వండినవాడికి కూడా తెలీదు. ఎదురొచ్చిన ప్రతి పెట్టె మీదా పేరుందా లేదా అని మిందా చూస్తూ నడిచింది.

పైనించి వేలాడదీసిన క్యాబేజీని సింహం నోటితో అందుకుంటోంది. జనం దారి ఇవ్వరు. సెల్మో భుజంతో తోసుకుంటూ వెళ్తున్నాడు.

"నాతో ముందే చెప్పుంటే..." అన్నాడు.

"ఎలా చెప్పను? ఆ మాట అనకూడదుగా. మీ అమ్మగారు కళ్ళతోనే నోరు కుట్టేశారు."

"అమ్మ పెద్దది, ఆవిడకేవో నమ్మకాలు. నువ్వు చదువుకున్నదానివి."

"చదువుకున్నదాన్ని కాబట్టే చీటీ రాశాను సెల్మో. చదువుకున్న నీకు కనపడకుండా పీకేశారు."

సెల్మో ముందుకి వెళ్ళి పూరింగ్ ఇంటి తలుపు తట్టాడు.

తమ పెళ్ళికి ధర్మమాతగా, అంటే నినాంగ్‌గా నిలబడిన దోన్యా పూరింగ్ తలుపు తీసి, మిందాని బుగ్గకి బుగ్గ ఆనించి ముద్దాడింది. "కొత్త సంవత్సరం శుభాకాంక్షలు. కూర్చోండి, కూర్చోండి. ఏంటే, పరిగెత్తుకొచ్చినట్టున్నావు? కడుపుతో ఉన్నావా ఏం?"

"లేదు నినాంగ్. నిన్న సెల్మో ఇచ్చిన తికోయ్..."

"అబ్బ, ఏం తికోయే అది. మీ అత్తగారి చేతి నుంచి వచ్చిందంటే తిరుగుందా? పొద్దున్నే తినేశాం."

మిందా ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మొత్తమా?"

"ముక్క మిగల్లేదు. గుడ్డులో ముంచి వేయించాం. మా ఆయన వద్దు వద్దంటూనే రెండు తిన్నాడు."

"ఇప్పుడు నినోంగ్ ఎక్కడున్నారు?"

"పైన పడుకున్నాడు. పొద్దుటి నించీ కడుపులో బాలేదంటున్నాడు."

సెల్మో మెట్ల వైపు చూశాడు. పైనించి ఎవరో మూలుగుతున్నట్టు వినిపించింది. మిందా నోరు తెరిచింది. సెల్మో ఆమె మోచెయ్యి నొక్కాడు. వాళ్ళమ్మ భయం అతనిలోకి ఎంత లోతుగా దిగిందో మిందాకి ఆ క్షణంలోనే తెలిసింది.

"నినాంగ్, ఒక్కటి నిజం చెప్పండి. ఆ తికోయ్ పెట్టెలో పెడుతుంటే నా పెళ్ళి ఉంగరం జారిపోయింది. అది పిండిలో ఇరుక్కునుంటుంది. నినోంగ్ దాన్ని మింగేసుంటే, డాక్టరు పొట్ట కొయ్యాల్సిందే. నేను వెళ్ళి ఆయన్ని పిలుచుకొస్తాను."

"పొట్ట కొయ్యడమేంటే?"

"మరి ఉంగరం ఎలా వస్తుంది?"

దోన్యా పూరింగ్ విసనకర్ర ఆపింది. పళ్ళ గిన్నె సర్దింది. పంపరపనస పండుని ఇటు తిప్పి అటు పెట్టింది. చివరికి, "మా ఆయనకి షుగరు," అంది, నేల చూస్తూ. "రాత్రి వద్దంటే వినకుండా పందిమాంసం తిన్నాడు, అదీ కడుపునొప్పి. తికోయ్... నువ్వేమీ అనుకోకు. మా పళ్ళ డాక్టరుకి ఇద్దామని మంచం కింద పెట్టాను. విప్పలేదు."

మిందా ఆవిడ కాళ్ళ మీద పడేంత పని చేసింది.

పెట్టె వచ్చింది. ఎర్రదారం ముడి అలాగే ఉంది. మిందా పళ్ళతో తెంపి, తికోయ్‌ని బయటికి తీసి తిరగేసింది. అడుగు నున్నగా, నల్లటి అద్దంలా ఉంది. ఎక్కడా కోసిన గాటు లేదు. పెట్టె బయటి అడుగున, కారిన పాకానికి అంటుకుపోయి చీటీ ఒకటి కనపడింది. ఆమా దస్తూరీలో, 'దోన్యా పూరింగ్'.

"ఉంగరం ఏదీ?" అంది ఆవిడ తొంగి చూస్తూ.

"ఇందులో లేదు," అంది మిందా.

ఆ మాట అంటుంటే ఆమెకి ఏడుపు రాలేదు. సెల్మో ఇచ్చినది ఇది. అయితే, ఇంకోటి ఇంకెవరో తీశారు. ఇంటికి బయటివాళ్ళెవరూ రాలేదు.

*

"అది కాదు," అంది మిందా హాల్లోకి వస్తూనే.

ఆమా చేతిలో జపమాల ఉంది. అది తిప్పడం ఆపలేదు. సెల్మో చెప్పులు విప్పకుండానే ఫోను దగ్గరికి వెళ్ళాడు.

"పోలీసులకి చెబుదాం. రేడియోలో చెప్పిస్తారు. మన పేరు పోతే పోయింది."

"ఏమని చెప్పిస్తావు?" అంది ఆమా. "కువా వాళ్ళింటి తికోయ్ ఎవరూ తినొద్దనా? రేపటి నించీ మన దుకాణంలో కొవ్వొత్తి కూడా కొనరు. ఫోను పెట్టు."

"ఎవరో తింటే?"

"తినరు. నేను దేవుళ్ళందరికీ మొక్కాను."

"ఏ దేవుడికి మొక్కావమ్మా? ఏం పోయిందని చెప్పి మొక్కావు? ఆ మాట వాళ్ళతోనైనా అన్నావా?"

ఆమా జపమాల ఆగిపోయింది.

అప్పుడు ఆంకోంగ్ నోరు విప్పాడు. పీఠం ముందు నిలబడి అగరుబత్తి వెలిగిస్తున్నాడు. వాళ్ళ వైపు తిరక్కుండానే, మెల్లిగా, అందరినీ సముదాయిస్తున్నట్టు అన్నాడు.

"వదిలెయ్యండర్రా. ఒక్క పెట్టె కోసం పండగ పూట ఇల్లంతా ఏడుపు దేనికి? ఎవరో పట్టుకెళ్ళుంటారు. వాళ్ళూ ఇవాళ నోరు తీపి చేసుకుంటారు. మనకేం పోయింది?"

సెల్మో ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

మిందా మామగారి వీపు వైపు చూసింది. కిందికి చూసింది. నిన్న కొన్న కొత్త బూట్లు. వాటి అంచుల నిండా నల్లటి బురద, ఎండి పగుళ్ళిచ్చింది. శిలువ దాకా దారంతా సిమెంటే. ఆ నల్ల బురద అవతలి పేట తొందోలో, కాలవ ఒడ్డున ఉంటుంది.

పొద్దుటి నించీ ఇంట్లో జరిగిందంతా ఆమె కళ్ళ ముందు తిరిగింది. వంటింట్లో గుసగుసలు. సెల్మో చెవిలో చెప్పిన మాట. ఆమా హాల్లోకొచ్చి అడిగినది పెట్టె గురించి, ఒక్క పెట్టె గురించి. పెట్టెలో ఏముందో ఈయనకి ఎవరూ చెప్పలేదు.

చీటీ అంటించిన రోజు ఈయన దుకాణంలో ఉన్నాడు. పీకిన రోజూ దుకాణంలోనే ఉన్నాడు.

మిందా ఆయన వైపు అడుగు వేసింది.

"ఆంకోంగ్," అంది.

"మిందా," అంది ఆమా. కోడలు ఏం అనబోతోందో ఆమెకి అర్థమైంది. "మిందా, నోరు మూసుకో. ఫొటోల ముందు వద్దు. ఇవాళ వద్దు."

"ఆంకోంగ్, ఇటు తిరగండి. ఆ పెట్టెలో తికోయ్ తినడానికి కాదు. అందులో నేను విషం కూరాను. ఎలుకల్ని చంపే విషం. అది తిన్న మనుషులు కూడా చచ్చిపోతారు."

ఆమా రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఆంకోంగ్ తిరిగాడు. వెలిగించిన అగరుబత్తి అతని వేళ్ళ మధ్య తలకిందులై ఉంది. నిప్పు చర్మాన్ని కాలుస్తోంది. అతనికి తెలియడం లేదు. మిందా దాన్ని లాగి పారేసింది.

"విషమా?" అన్నాడు. "పొద్దుటి నించీ మీరు వెతుకుతున్నది దాన్నా?"

"ఎవరికిచ్చారు?"

అతను ఆమా వైపు చూశాడు. ఏళ్ళుగా అలవాటైన చూపు, అనుమతి కోసం. ఆమా చెవుల మీంచి చేతులు తీయలేదు. అతను ఇక ఆమెని చూడడం మానేసి మిందాతోనే చెప్పాడు.

"నేనే తీశాను. రెమెదియోస్‌కి ఇచ్చాను."

గోడ మీద తెల్లచదరం వైపు ఎవరూ చూడలేదు. ఆ పేరు ఆ గదిలో వినపడి ఎన్నేళ్ళయిందో.

"ప్రతి పండక్కీ నేనే పట్టుకెళ్తాను. శిలువ దగ్గరికని చెప్పి తొందో వెళ్తాను. ఎప్పుడూ కొనుక్కెళ్ళేవాణ్ణి, బయట దుకాణంలో. ఈసారి ఇంటిదే పెట్టాలనిపించింది. దానికి మన ఇంటి తికోయ్ తినాలని ఉందట. అడగలేదు పాపం, ఆ వాసన ఇంకా గుర్తుంది నాన్నా అంది, అంతే. కింది అరలో అన్నిటి మీదా పేర్లున్నాయి. ఏది తీసినా మీ అత్తగారికి తెలుస్తుంది. పైన, గోడకి ఆనుకుని, పేరు రాయనిది ఒకటి కనపడింది. ఎవరి పేరూ లేదంటే, ఎవరూ అడగరనుకున్నాను. మా అమ్మాయి పేరు కూడా ఎక్కడా రాయం కదా, ఇది దానికోసమే పెట్టారేమో అని కూడా అనుకున్నాను. ముసలివాణ్ణి. మీ అత్తగారి మనసు కరిగిందేమో, నోటితో చెప్పలేక అక్కడ పెట్టిందేమో అనుకున్నాను."

ఆమా చేతులు మెల్లిగా కిందికి జారాయి.

"ఆమె తిందా?" అంది మిందా. "ఆంకోంగ్, చెప్పండి. రెమెదియోస్ తిందా?"

"లేదు. మొగుడు జీపు తోలి వచ్చాక ఇద్దరం తింటాం అంది. పక్కన పెట్టింది."

సెల్మో అప్పటికే తలుపు దగ్గరున్నాడు. మిందా కదల్లేదు. మామగారు ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. అతని పెదాలు ఆ మాట చుట్టూ తిరుగుతున్నాయి.

"మరి పాప?" అంది మిందా. "వాళ్ళ పాప?"

"పాపకి నేనే పెట్టాను," అన్నాడు ఆంకోంగ్. "నా చేత్తో. పళ్ళు ఇంకా సరిగ్గా రాలేదు దానికి, అంచులు గట్టిగా ఉంటాయని... బాగా మెత్తగా ఉంటుందని, నడిమి ముక్క కోసి పెట్టాను."